యాసిడ్ పరీక్షలు: వెబ్ ప్రమాణాల కోసం బ్రౌజర్లు పోటీపడిన కాలం

వెబ్ పేజీ సర్వర్ నుంచి బయలుదేరేటప్పుడు కేవలం పాఠం రూపంలో ఉంటుంది. ఏ మాట శీర్షిక, ఏది పేరా, ఏది బొమ్మ అని గుర్తులు పెట్టే హెచ్‌టీఎంఎల్, ఆ గుర్తులకు రంగునూ కొలతనూ స్థానాన్నీ నిర్దేశించే సీఎస్ఎస్, పేజీకి చలనం కల్పించే జావాస్క్రిప్ట్ అనే మూడు భాషల్లో రాసిన ఆ పాఠాన్ని చదివి, అర్థం చేసుకుని, తెరమీద పేర్చి చూపించే పని బ్రౌజర్‌ది; బ్రౌజర్ లోపల ఈ పేర్పు పని చేసే భాగాన్ని రెండరింగ్ ఇంజన్ అంటారు. ఒకే పాఠాన్ని రెండు ఇంజన్లు రెండు విధాలుగా అర్థం చేసుకుంటే ఇద్దరు పాఠకులకు రెండు వేర్వేరు పేజీలు కనిపిస్తాయి కాబట్టి, ఏ ఆదేశానికి ఏ అర్థమో అందరూ ముందుగా ఒప్పుకుని రాసిపెట్టుకున్న పత్రాలు అవసరమయ్యాయి. వెబ్ ప్రమాణాలంటే ఈ పత్రాలే. అయితే ప్రమాణం కాగితం మీద ఉన్నంతకాలం అది ఒక కోరిక మాత్రమే. దానిని ఎవరు పాటించారో ఎవరు పాటించలేదో సామాన్యుడి కంటికి కూడా ఆనేలా చూపించినప్పుడు గాని తయారీదార్లు కదలరన్న సంగతిని 1998 నుంచి 2011 వరకు నడిచిన యాసిడ్ పరీక్షల చరిత్ర నిరూపించింది. అంత బలమైన సాధనం కూడా మార్కుల పందెంగా మారినప్పుడు దారి తప్పుతుందని ఆ చరిత్రే చూపించింది.

టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో 1989లో వెబ్‌ను ప్రతిపాదించి, 1990లో మొదటి బ్రౌజర్‌ను రాసిన నాటికి అది శాస్త్రవేత్తలు పత్రాలు పంచుకునే సాధనం. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా తయారుచేసిన మొజాయిక్ దానిని జనంలోకి తెచ్చింది. మరుసటి ఏడాది ఆండ్రీసెన్, జిమ్ క్లార్క్ కలిసి స్థాపించిన సంస్థ నెట్‌స్కేప్ నావిగేటర్‌ను విడుదల చేయగా, 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో రంగంలోకి దిగింది. అప్పటి నుంచి కొన్నేళ్లపాటు సాగిన పోరును మొదటి బ్రౌజర్ యుద్ధం అంటారు. ఎదుటివారి దగ్గర లేని ట్యాగును, అంటే గుర్తును, తమ బ్రౌజర్‌లో పెట్టి రచయితలను తమవైపు తిప్పుకోవడమే ఆ యుద్ధంలో ప్రధాన ఆయుధం. నెట్‌స్కేప్ అక్షరాలను మిణుకుమనిపించే బ్లింక్ ట్యాగును ప్రవేశపెడితే, మైక్రోసాఫ్ట్ అక్షరాలను తెరకు అడ్డంగా పరిగెత్తించే మార్కీ ట్యాగును ప్రవేశపెట్టింది. ఈ పరుగును అదుపు చేయవలసిన సంస్థ ఒకటి అప్పటికే ఉంది. 1994 అక్టోబరులో బెర్నర్స్-లీ ఎంఐటీలో నెలకొల్పిన ఆ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియానికి, వాడుకలో డబ్ల్యూ3సీకి, పత్రాలు ప్రచురించే హక్కు ఉన్నది గాని వాటిని అమలు చేయించే అధికారం లేదు. ఆ సంస్థ ఆమోదించిన ప్రమాణాలను ఈనాటికీ సిఫారసులనే వ్యవహరిస్తారు.

సిఫారసుకూ అమలుకూ మధ్య ఉన్న దూరం అందరికంటే ముందు సీఎస్ఎస్ విషయంలో బయటపడింది. నార్వేకు చెందిన హాకోన్ వియుమ్ లీ సెర్న్‌లో పనిచేస్తూ 1994 అక్టోబరు 10న దీనిని ప్రతిపాదించారు. బెర్ట్ బోస్ ఆయనతో చేతులు కలిపారు. 1996 డిసెంబరు 17న సీఎస్ఎస్ మొదటి స్థాయి సిఫారసుగా వెలువడింది. ఆ పత్రం ఖరారు కాకముందే, 1996 ఆగస్టులో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3 దానిలో కొంత భాగాన్ని అమలు చేసింది. నెట్‌స్కేప్ మాత్రం జావాస్క్రిప్ట్ ఆధారంగా తానే సొంతంగా ఒక శైలి భాషను ప్రతిపాదించి, అది నిలవకపోయేసరికి 1997 నాటి నాలుగో వెర్షన్‌లో సీఎస్ఎస్‌ను ఆ పాత ఏర్పాటు మీదనే నిలబెట్టింది. అందువల్ల ఆ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ను నిలిపివేసిన పాఠకుడికి పేజీ రంగులూ అమరికా కూడా మాయమయ్యేవి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన వ్యత్యాసం పెట్టె నమూనాకు సంబంధించినది. సీఎస్ఎస్ దృష్టిలో పేజీలోని ప్రతి అంశమూ ఒక పెట్టె. మధ్యలో సరుకు, దాని చుట్టూ ఖాళీ జాగా, ఆ జాగా చుట్టూ అంచు, అంచు బయట పక్క పెట్టెతో ఉంచవలసిన ఎడం. పెట్టె వెడల్పు 100 పిక్సెళ్లు, లోపలి జాగా ఇరువైపులా పదేసి, అంచు ఇరువైపులా ఐదేసి పిక్సెళ్లు అని రచయిత రాస్తే, ప్రమాణం ప్రకారం 100 అనేది సరుకు ఒక్కదాని వెడల్పు కాబట్టి, అంచు నుంచి అంచుకు పెట్టె 130 పిక్సెళ్లు ఆక్రమించాలి. విండోస్ మీది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4, 5 వెర్షన్లు మాత్రం ఆ 100లోనే జాగానూ అంచునూ ఇమిడ్చి, సరుకుకు 70 పిక్సెళ్లే మిగిల్చేవి. ఒక బ్రౌజర్‌లో మూడు నిలువు వరుసలుగా అమరిన పేజీ మరో బ్రౌజర్‌లో మూడో వరుస కిందికి జారి చిందరవందర అయ్యేది. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో సౌలభ్యం లేకపోలేదు. తర్వాతి కాలంలో సీఎస్ఎస్ ఆ కొలత పద్ధతిని కూడా ఒక ఐచ్ఛికంగా స్వీకరించింది, ఈనాడు ఎంతోమంది రూపకర్తలు దానినే ఎంచుకుంటున్నారు. అయినా ఆనాటి తప్పు తప్పే, ఎందుకంటే ప్రమాణం విలువ దాని తెలివిలో కన్నా అందరూ ఒకే కొలతను వాడటంలో ఉంటుంది. ఆ ఏకత్వం లేని రోజుల్లో రచయితలు ఒక్కొక్క బ్రౌజర్‌ను ఏమార్చే కిటుకులు కనిపెట్టుకుంటూ, ఒకే పేజీని రెండుమూడు సార్లు రాసుకుంటూ, ఫలానా బ్రౌజర్‌లోనే ఈ సైటు చూడగలరని ముంగిట్లో ప్రకటన పెట్టుకుంటూ కాలం గడిపారు.

1998లో జెఫ్రీ జెల్డ్‌మన్, గ్లెన్ డేవిస్, జార్జ్ ఓల్సెన్ తదితర రూపకర్తలు కలిసి వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ పేరుతో ఒక ఉద్యమ సంస్థను నెలకొల్పి, ప్రమాణాలు పాటించమని బ్రౌజర్ తయారీదార్ల మీద ఒత్తిడి తేసాగారు. అదే ఏడాది అక్టోబరులో టాడ్ ఫార్నర్ ఒక చిన్న పరీక్షా పేజీని రూపొందించారు. అంతకుముందు సీఎస్ఎస్ పరీక్షలు లేకపోలేదు గాని, వాటిలో ప్రతి పేజీ ఒక్కొక్క లక్షణాన్ని విడివిడిగా పరిశీలించేది. రంగు సరిగా వచ్చిందా, అంచు సరిగా వచ్చిందా అని వేర్వేరుగా అడిగితే నెగ్గే బ్రౌజర్లే ఆ లక్షణాలన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నప్పుడు తడబడేవి. ఫార్నర్ పేజీలో ఒక పెద్ద చట్రం లోపల రంగురంగుల పెట్టెలు ఎడమకూ కుడికీ తేలుతూ, శాతాల్లోనూ అక్షర ప్రమాణంలోనూ ఇచ్చిన కొలతలతో, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా ఒదిగేలా ఉంటాయి. దేనికైనా ఒక్క కొలత తప్పితే పక్కది కిందికి జారి మొత్తం అమరిక చెదిరిపోతుంది. సరైన రూపం ఎలా ఉండాలో చూపే బొమ్మ కూడా జత చేసి ఉండడంతో తీర్పు చెప్పడానికి నిపుణుడు అక్కరలేకపోయింది. బంగారాన్ని గీటురాయి మీద గీసి, ఆ గీత మీద ఆమ్లం చుక్క వేసి, గీత నిలిస్తే మేలిమి అనీ కరిగితే కల్తీ అనీ కంసాలి తేల్చే పద్ధతి నుంచి యాసిడ్ టెస్ట్ అనే మాట ఇంగ్లీషులో నానుడిగా స్థిరపడింది. ఫార్నర్ తన పేజీకి ఆ పేరే పెట్టారు. డబ్ల్యూ3సీ తన సీఎస్ఎస్ మొదటి స్థాయి పరీక్షల సంపుటిలో దీనిని చేర్చుకుంది.

ఈ మొదటి పరీక్షకు లభించిన గౌరవాల్లో చెప్పుకోదగినది మైక్రోసాఫ్ట్ నుంచే రావడం విశేషం. 2000 మార్చిలో మాకింటాష్ కంప్యూటర్ల కోసం విడుదలైన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో టాంటెక్ చెలిక్ నేతృత్వంలో రూపొందిన టాస్మన్ అనే కొత్త ఇంజన్ ఉండేది. విండోస్ వెర్షన్‌తో పేరు తప్ప మరేమీ పెద్దగా పంచుకోని ఆ ఇంజన్ ఆనాటికి ప్రమాణాలను అత్యంత శ్రద్ధగా పాటించినది. దాని చిరునామా గడిలో ఒక రహస్య చిరునామా టైపు చేస్తే ఫార్నర్ పరీక్ష, పాఠం స్థానంలో ఇంజన్ తయారుచేసినవారి పేర్లతో ప్రత్యక్షమయ్యేది. అంతకన్నా ముఖ్యమైన ఆవిష్కరణ మరొకటి ఆ బ్రౌజర్‌లోనే మొదలైంది. పేజీ తలభాగంలో ఏ ప్రమాణం ప్రకారం రాసిందో తెలిపే డాక్‌టైప్ వాక్యం ఉంటే పేజీని ప్రమాణం ప్రకారమూ, లేకపోతే పాత తప్పులతో సహా పాత పద్ధతిలోనూ పేర్చే ఈ ఏర్పాటును తర్వాత అన్ని బ్రౌజర్లూ అందిపుచ్చుకున్నాయి. అప్పటికే రాసి ఉన్న కోట్ల పేజీలను చెడగొట్టకుండా కొత్త పేజీలకు ప్రమాణాన్ని వర్తింపజేయడానికి దారి చూపినది ఇదే.

2001 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వెలువడే సరికి యుద్ధం ముగిసింది. నెట్‌స్కేప్ ఏఓఎల్ చేతికి వెళ్లిపోయింది. దాని ఆధారక్రమాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, 1998లోనే బహిరంగపరచగా పుట్టిన మొజిల్లా ప్రాజెక్టు ఇంకా నిలదొక్కుకోలేదు. వెబ్ చూసేవారిలో పదింట దాదాపు తొమ్మిది మంది మైక్రోసాఫ్ట్ బ్రౌజర్‌నే వాడుతున్నారు. గెలిచినవారు ఆగిపోయారు. ఏడో వెర్షన్ రావడానికి ఐదేళ్లు పట్టింది, ఆ ఐదేళ్లూ ఆరో వెర్షన్‌లోని లోపాలే వెబ్ రచయితల దైనందిన వాస్తవమయ్యాయి. ఓస్లో కేంద్రంగా ఉన్న ఒపేరా వంటి చిన్న సంస్థల పరిస్థితి మరీ దయనీయం. 2003 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ నడిపే ఎంఎస్ఎన్ సైటు ఒపేరా 7 బ్రౌజర్‌కు ప్రత్యేకంగా వేరొక శైలిపత్రాన్ని పంపుతున్నదనీ, అందులోని ఆదేశం కారణంగా సమాచారం 30 పిక్సెళ్లు ఎడమకు జరిగి పేజీ వికృతంగా కనిపిస్తున్నదనీ ఒపేరా ఆరోపించి, దానికి నిరసనగా ఆ సైటులోని పాఠాన్ని అర్థంలేని కూతలుగా మార్చి చూపే ప్రత్యేక వెర్షన్‌నొకదాన్ని విడుదల చేసింది. అది సరదాగా కనిపించినా లోపలి ఆవేదన నిజమైనది. ప్రమాణాలు పాటించిన బ్రౌజర్‌లోనే పేజీలు చెడి కనిపిస్తే, పాఠకుడు నిందించేది పేజీని గాని ప్రమాణాన్ని గాని కాదు, ఆ బ్రౌజర్‌ను.

ఆ ఒపేరాకు ముఖ్య సాంకేతికాధికారిగా అప్పటికి హాకోన్ వియుమ్ లీ పనిచేస్తున్నారు. 2005 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 రాబోతున్నదని ప్రకటించగా, నెల తిరిగేసరికి, మార్చి 16న, లీ ఒక బహిరంగ వ్యాసంలో మైక్రోసాఫ్ట్‌కు సవాలు విసిరారు: వెబ్ సమాజం కలిసి రెండో యాసిడ్ పరీక్షను తయారుచేస్తుంది, కొత్త బ్రౌజర్ అందులో నెగ్గి చూపాలి. సీఎస్ఎస్‌కు జన్మనిచ్చిన వ్యక్తి కాబట్టి ఆయనకు ఆ మాట అడిగే అర్హత ఉంది. పోటీ సంస్థ ఉద్యోగి కాబట్టి అందులో స్వప్రయోజనమూ ఉంది. రెండూ నిజమే. పరీక్షను రాసే బాధ్యతలో ప్రధాన భాగం ఇయన్ హిక్సన్‌ది. వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ ఆధ్వర్యంలో 2005 ఏప్రిల్ 13న యాసిడ్ 2 వెలువడింది. ఆ రోజున ప్రపంచంలోని ఏ బ్రౌజరూ దానిలో నెగ్గలేదు, సవాలు విసిరినవారి బ్రౌజర్‌తో సహా.

ఆ పరీక్షలో కనిపించవలసింది ఒక పసుపుపచ్చని నవ్వుముఖం, దాని పైన ఒక పలకరింపు మాట, అంతే. కాని ఆ ముఖంలో ప్రతి భాగమూ ఒక ప్రశ్న. కళ్లు పీఎన్‌జీ అనే బొమ్మల రకంలోని పారదర్శకతను, అంటే వెనుక ఉన్నది లీలగా కనిపించే గుణాన్ని పరీక్షిస్తాయి. పైగా ఆ బొమ్మలు ఆబ్జెక్ట్ అనే ట్యాగు లోపల ఒకదానిలో ఒకటిగా పేర్చి ఉంటాయి, బయటిది దొరకనప్పుడు బ్రౌజర్ లోపలిదాన్ని చూపాలి. బొమ్మల సమాచారం వేరే ఫైలుగా కాక పేజీ పాఠంలోనే అక్షరాలుగా కూర్చి ఉంటుంది. నెత్తి మీది గీత తెరకు స్థిరంగా అతుక్కుని ఉండవలసినది కాబట్టి పేజీని జరిపితే అది కదలకూడదు. ముక్కు మీదికి మౌస్ బాణాన్ని తీసుకెళ్తే అది నీలంగా మారాలి. గడ్డం భాగంలో సీఎస్ఎస్ పట్టికలు ఉన్నాయి. అన్నిటికన్నా సూక్ష్మమైనది, కావాలని తప్పుగా రాసిన సీఎస్ఎస్ వాక్యాలు ఆ పేజీలో అక్కడక్కడా ఉండటం. తప్పు వాక్యాన్ని ఎలా వదిలేసి ముందుకు సాగాలో కూడా ప్రమాణం చెబుతుంది. భవిష్యత్తులో చేరే కొత్త ఆదేశాలు పాత బ్రౌజర్లకు తప్పులుగానే కనిపిస్తాయి కాబట్టి, తప్పును సక్రమంగా దాటవేయడం వెబ్ భాషల ఎదుగుదలకు పునాది. తర్వాత వచ్చినదానితో కలిపి మూడు పరీక్షల్లోకీ ఇదే ఉత్తమమైనదని చెప్పడానికి కారణాలు రెండు: ఇందులో అడిగిన అంశాల్లో అధికభాగం రచయితలు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవి, ఓటమి ఎవరికైనా ఇట్టే అర్థమయ్యేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో ఆ ముఖం స్థానంలో ఎర్రని ముద్దలాంటిదేదో కనిపించేది. ప్రమాణాల పత్రాన్ని ఎన్నడూ తెరవని పత్రికా విలేఖరికి కూడా అది చాలు.

ఫలితాలు వెంటనే మొదలయ్యాయి. ఆపిల్ సంస్థలో సఫారీ బ్రౌజర్ ఇంజన్‌ను చూసుకునే డేవ్ హయట్ పరీక్ష వెలువడిన రోజుల్లోనే పనికి దిగి, దిద్దిన ఒక్కొక్క లోపాన్నీ బహిరంగంగా చెబుతూ, ఏప్రిల్ 27 నాటికి తన దగ్గరున్న వెర్షన్ నెగ్గిందని ప్రకటించారు. అక్టోబరు 31న వచ్చిన సఫారీ 2.0.2తో అది సాధారణ వాడుకరులకు చేరింది. లినక్స్ మీది కాంకరర్ తయారీదార్లు మరికొద్ది వారాల్లోనే ఆ స్థాయికి వచ్చారు. ఒపేరా 9 2006 జూన్‌లో, విండోస్ మీద నెగ్గిన తొలి బ్రౌజర్‌గా వచ్చింది. ఫైర్‌ఫాక్స్ వెనుకబడటానికి అలసత్వం కారణం కాదు. పెట్టెల కొలతలు లెక్కగట్టే భాగం నెట్‌స్కేప్ కాలం నాటి పాత నిర్మాణం కావడంతో పైపై మరమ్మతు కుదరక, మొజిల్లా ఇంజనీర్లు ఆ భాగాన్నే తిరగరాశారు. 2006 డిసెంబరులో ప్రధాన శాఖలో చేరిన ఆ మార్పు 2008 జూన్ 17న ఫైర్‌ఫాక్స్ 3 రూపంలో గాని జనానికి అందలేదు.

ఈ పందెం అనుకోకుండా మరొక మేలు కూడా చేసింది. సఫారీ ఇంజన్ అయిన వెబ్‌కిట్ నిజానికి కాంకరర్ ఇంజన్ కేహెచ్‌టీఎంఎల్ నుంచి చీలి వచ్చినది. స్వేచ్ఛా లైసెన్సు ప్రకారం ఆపిల్ తన మార్పులను ప్రచురిస్తూనే ఉన్నా, అవి ఒక్కసారిగా పెద్ద మూటలుగా వస్తుండటం వల్ల మూల ప్రాజెక్టు స్వచ్ఛంద కార్యకర్తలకు వాటిని కలుపుకోవడం దాదాపు అసాధ్యమయ్యేది. సఫారీ యాసిడ్ 2లో నెగ్గగానే, కాంకరర్ కూడా ఉచితంగా నెగ్గినట్టేనని బయటివారు భావించడంతో ఆ కార్యకర్తల అసంతృప్తి బహిరంగమైంది. 2005 జూన్‌లో ఆపిల్ వెబ్‌కిట్ ఆధారక్రమం చరిత్రతో సహా భాండారాన్నీ, లోపాల పట్టికనూ అందరికీ తెరిచింది. తర్వాత క్రోమ్ బ్రౌజర్‌కూ, లెక్కలేనన్ని ఫోన్ బ్రౌజర్లకూ మూలమైన ఇంజన్ అలా బాహాటమైంది.

మైక్రోసాఫ్ట్ మాత్రం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 యాసిడ్ 2లో నెగ్గదని 2005లోనే చెప్పేసింది. 2007 డిసెంబరు 13న ఒపేరా యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేస్తూ, విండోస్‌తో బ్రౌజర్‌ను ముడిపెట్టడంతో పాటు ప్రమాణాలు పాటించకపోవడాన్ని కూడా నేరంగా ఎత్తిచూపింది. డిసెంబరు 19న మైక్రోసాఫ్ట్ తరఫున డీన్ హచమోవిచ్ ఎనిమిదో వెర్షన్ నవ్వుముఖాన్ని సరిగ్గా గీసిందని ప్రకటించారు. ఫిర్యాదు వల్లనే ఇది జరిగిందనడం సరికాదు, అటువంటి ఇంజన్ ఆరు రోజుల్లో తయారయ్యేది కాదు. కాని కథ అక్కడితో ముగియలేదు. పేజీలో ఒక ప్రత్యేక వాక్యం రాసిన రచయితలకే కొత్త ఇంజన్ వర్తిస్తుందనీ, రాయని పేజీలన్నీ ఏడో వెర్షన్ పద్ధతిలోనే కనిపిస్తాయనీ 2008 జనవరిలో ఆ సంస్థ తెలిపింది. అలా జరిగితే పరీక్షలో నెగ్గే సామర్థ్యం ఉండి కూడా అది వాడుకలోకి రానట్టే. రూపకర్తల సమాజంలో తీవ్ర చర్చ జరిగిన తర్వాత, మార్చి 3న మైక్రోసాఫ్ట్ ఆ నిర్ణయాన్ని తిరగేసి, ప్రమాణాల పద్ధతినే సహజ స్థితిగా ఉంచుతామని ప్రకటించింది. యాసిడ్ పరీక్షలు సాధించిన విజయాల్లో ఇదే అతి పెద్దది.

ఆ మార్చి 3నే మూడో పరీక్ష విడుదలైంది. అప్పటికి గూగుల్‌లో చేరిన హిక్సన్ దీనిని రాశారు. పేజీల అమరిక గొడవ చల్లారడంతో, యాసిడ్ 3 దృష్టి జావాస్క్రిప్ట్ మీదికీ, ఆ భాష పేజీలోని అంశాలను పట్టుకుని మార్చడానికి వాడే డామ్ అనే నిర్మాణం మీదికీ మళ్లింది. దానితో పాటు గీతల బొమ్మలను వర్ణించే ఎస్‌వీజీ, సర్వర్ నుంచి దిగే ఫాంట్లు కూడా చేరాయి. నూరు ఉపపరీక్షలు, నూటికి మార్కులు. చివరి పదహారింటిని హిక్సన్ బహిరంగ పోటీ పెట్టి సేకరించారు; ప్రతి ప్రశ్నా 2004 నాటికి రూపుదిద్దుకున్న ప్రమాణం నుంచే రావాలనీ, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్‌ల తాజా నమూనాల్లో కనీసం ఒకదానిలోనైనా విఫలం కావాలనీ నియమం. ఆ రెండో నియమంలోనే చిక్కు ఉంది. రచయితకు ఏది అవసరమన్నది పక్కకు జరిగి, బ్రౌజర్ ఎక్కడ పడిపోతుందన్నది కొలమానమైంది.

నాలుగు వారాలు గడవకముందే, మార్చి 26న, ఒపేరా తన ప్రయోగశాల నమూనా నూటికి నూరు తెచ్చుకుందని ప్రకటించగా, అదే రోజు వెబ్‌కిట్ బృందం ఎవరైనా దించుకుని చూసుకోగల నమూనాతో నూరు సాధించింది. ఆ పరుగులో పరీక్షలోనే ఒక దోషం బయటపడటం, హిక్సన్ దానిని సవరించడం కూడా జరిగాయి. వాడుకరుల చేతికి వచ్చిన బ్రౌజర్లలో ముందుగా నెగ్గినది 2009 జూన్ 8 నాటి సఫారీ 4. యాసిడ్ 2తో గౌరవం నిలుపుకున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8కి యాసిడ్ 3లో దక్కినవి 20 మార్కులే. ఫైర్‌ఫాక్స్ 3కి 71.

మొజిల్లాలో ఇంజనీరింగ్ బాధ్యుడైన మైక్ షేవర్ ఈ పరీక్షను చేజారిన అవకాశంగా వర్ణించారు. ఆయన విమర్శలో ఓడినవారి ఉక్రోషం వెతకడం అన్యాయం, ఎందుకంటే తర్వాతి సంఘటనలు ఆ విమర్శనే బలపరిచాయి. అక్షరాల ఆకారాలను ఎస్‌వీజీ గీతలుగా వర్ణించే ఫాంట్లకు యాసిడ్ 3లో కొన్ని మార్కులు కేటాయించారు; సాధారణ ఫాంట్లను కుదించి పంపే వోఫ్ రూపమే వెబ్‌కు మేలని భావించిన మొజిల్లా ఆ మార్కులను తెలిసే వదులుకుంది, అందుకే 2011 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 4 తొంభై ఏడు దగ్గర ఆగింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9 తొంభై అయిదు దగ్గర ఆగింది. వోఫ్ 2012లో డబ్ల్యూ3సీ సిఫారసు కాగా, ఎస్‌వీజీ ఫాంట్ల మద్దతును నూరు తెచ్చుకున్న క్రోమ్ సైతం తర్వాత ఉపసంహరించుకుంది. 2011 సెప్టెంబరులో వివాదాస్పద భాగాలను హిక్సన్ పరీక్ష నుంచి తొలగించడంతో ఆ రెండు బ్రౌజర్లకూ నూరు వచ్చాయి. అటు తర్వాత ప్రమాణాలే మారిపోవడంతో, ఈనాటి బ్రౌజర్లు నూటికి తక్కువ చూపించడం సహజమైంది. నాలుగో పరీక్ష రాలేదు.

దాని స్థానంలో వచ్చినది ఏ విలేఖరికీ ఆసక్తి కలిగించని పని. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 తయారవుతున్న కాలంలో మైక్రోసాఫ్ట్ ఏడు వేలకు పైగా చిన్న చిన్న సీఎస్ఎస్ పరీక్షలను రాసి డబ్ల్యూ3సీకి అప్పగించింది. ఒక్కొక్కటీ ఒక్కొక్క వాక్యాన్ని పరిశీలించేది, ఫలితం ఒక ఆకుపచ్చ చతురస్రమో ఎర్ర చతురస్రమో. అటువంటి సంపుటి ఉండబట్టే ఏళ్ల తరబడి సవరణల్లో నలిగిన సీఎస్ఎస్ 2.1 ఎట్టకేలకు 2011 జూన్ 7న సిఫారసు కాగలిగింది. జావాస్క్రిప్ట్‌కు టెస్ట్262 అనే సంపుటి, మిగిలిన వెబ్ సాంకేతికతలకు వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే ఉమ్మడి భాండారం ఏర్పడ్డాయి. రెండోదానిలో లక్షల సంఖ్యలో ఉపపరీక్షలు ఉన్నాయి. అన్ని ఇంజన్ల వారూ తమ మార్పులతో పాటు పరీక్షలను కూడా అందులోనే జమచేస్తారు. 2022 మార్చిలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, ఇగాలియా, బోకూప్ సంస్థలు కలిసి ఇంటరాప్ అనే వార్షిక కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. రచయితలను వేధిస్తున్న అంశాలు ఏవో ముందుగా చర్చించి ఎంచుకుని, వాటిలో ఎవరి శాతం ఎంతో ప్రతి ఏడాదీ బహిరంగంగా చూపుతారు. పోటీ ఉంది, మార్కులూ ఉన్నాయి, కాని ప్రశ్నపత్రం ఒక్కరిది కాదు. యాసిడ్ 3లో లోపించినది సరిగ్గా ఇదే.

ఈ మంచి ఏర్పాటు కుదిరే నాటికి పోటీదార్లే తగ్గిపోవడం విచారకరం. ఒపేరా 2013లో తన ప్రెస్టో ఇంజన్‌ను వదులుకుంది; మైక్రోసాఫ్ట్ 2018 డిసెంబరులో తన ఇంజన్‌ను ఆపి గూగుల్ నేతృత్వంలోని క్రోమియం వైపు మళ్లుతున్నట్టు ప్రకటించింది. సవాలు విసిరినవారూ, అందుకున్నవారూ ఇద్దరూ సొంత ఇంజన్లు లేనివారయ్యారు. విస్తృత వాడుకలో మిగిలినవి క్రోమ్‌లోని బ్లింక్, సఫారీలోని వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌లోని గెకో. వీటిలో మొదటిది రెండోదాని నుంచి 2013లో చీలినదే.

తెలుగు పాఠకులకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం ఫాంట్ల దగ్గర మొదలవుతుంది. ఈనాడు, వార్త వంటి పత్రికల తొలినాటి సైట్లు యూనికోడ్‌లో కాక ఎవరి సొంత సంకేతాలలో వారు అక్షరాలను దాచి, వాటిని చదవడానికి ప్రత్యేక ఫాంట్ల మీద ఆధారపడేవి. ఫాంటును పేజీతో పాటు దించే సౌకర్యం 1997 నుంచి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో దాని సొంత రూపంలోనే ఉండేది కాబట్టి, ఇతర బ్రౌజర్లు వాడేవారికి ఆ పేజీలు అర్థంకాని లాటిన్ అక్షరాల గుంపులుగా కనిపించేవి. ఫైర్‌ఫాక్స్ వాడుకరులు పద్మ అనే అనుబంధ సాధనంతో వాటిని యూనికోడ్‌లోకి మార్చుకుని చదువుకునేవారు. అన్ని బ్రౌజర్లూ సాధారణ ఫాంటును దించి చూపాలన్నది యాసిడ్ 3 అడిగిన ప్రశ్నల్లో ఒకటి. ఆ సౌకర్యం అంతటా వచ్చిన తర్వాతనే మండలి, రామభద్ర వంటి స్వేచ్ఛా తెలుగు ఫాంట్లను ఏ సైటు అయినా ఏ బ్రౌజర్‌లోనైనా వాడుకునే వీలు కలిగింది.

అయితే వత్తులు, గుణింతాలు సరిగా కూడుతున్నాయా అన్న ప్రశ్న ఈ మూడు పరీక్షల్లో ఏ ఒక్కదానిలోనూ లేదు. స్త్రీ అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరుస. పేరా మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపమని గాని, అక్షరాల మధ్య ఎడం పెంచమని గాని సీఎస్ఎస్‌లో రాస్తే, ఆ ఆరింటినీ ఒక్కటిగా పట్టుకోవాలా, సకారం దగ్గర విరిచేయాలా అన్నది బ్రౌజర్ నిర్ణయించవలసి ఉంటుంది. తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ప్రమాణంగా లెక్కించే నియమం యూనికోడ్‌లో చేరినది 2023 సెప్టెంబరులో, 15.1 వెర్షన్‌తో మాత్రమే. నియమం ఉంటే చాలదని, దానికి పరీక్ష ఉంటేనే ఇంజన్లు కదులుతాయని పై చరిత్ర చెబుతున్నది. వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ భాండారం అందరికీ తెరిచి ఉంది. పరీక్ష రాసి పంపడానికి ఏ సంస్థలోనూ ఉద్యోగి కానవసరం లేదు. తెలుగు చదవగలిగి, సీఎస్ఎస్ రాయగలిగిన ఇంజనీర్లు హైదరాబాదు నుంచి కాలిఫోర్నియా దాకా వేలమంది ఉన్నారు. తమ లిపికి కావలసిన పరీక్షలను రాసి ఆ భాండారంలో చేర్చే పనిని వారు చేపట్టాలి.